ఎడమచేతికొక పెన్ను

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నేనూ నా భార్య ఈశ్వరమ్మా ఆత్మకూరు నుంచి కర్నూలు మీదుగా కడపకు పోయి వచ్చాము. దేవుళ్ళను చూడటానికి కాదు, చుట్టాల ఇంట్లో పెళ్ళికీ కాదు. నేనొక పెన్ను కొనుక్కోవాలి, దానితో కడపలో నలుగురి ఎదుట ఒక పేజీ రాసి చూపించాలి. అంతే పని.

నేను బడిపంతులును. ఆత్మకూరులో చాలాకాలం ఒకటో తరగతే చెప్పాను. పై తరగతులు ఇస్తామన్నా తీసుకోలేదు. పలక పట్టుకోవటం తెలియని పిల్లవాడు నాలుగు నెలల్లో తన పేరు తాను రాసుకోవటం చూస్తుంటే కలిగే సంతోషం నాకు ఇంకెక్కడా దొరకలేదు. అలాంటిది, ఒకరోజు నల్లమల దారిలో కట్టెల బండి తిరగబడి నా కుడిచెయ్యి దానికింద పడింది. ప్రాణం దక్కింది గాని బొటనవేలూ చూపుడువేలూ బిగుసుకుపోయాయి. అన్నం ముద్ద ఎలాగో నోటిదాకా వస్తుంది, బలపం మాత్రం నిలవదు. ఉద్యోగం మానుకున్నాను.

ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో రాయటం నేర్చుకున్నాను. పలకమీద కుదిరింది. పెన్సిలుతో ఇంకా బాగా కుదిరింది. సిరా దగ్గరికి వచ్చేసరికే చిక్కు. మన రాత ఎడమనుంచి కుడికి పోతుంది. ఎడమచేత్తో రాసేవాడి అరచెయ్యి తాను అప్పుడే రాసిన తడి అక్షరాలమీదుగానే నడుస్తుంది. పాళీని బుడ్డిలో ముంచి పది ముక్కలు రాశానంటే పేజీ అంతా మబ్బు పట్టినట్టయ్యేది, చిటికెనవేలు నుంచి మణికట్టుదాకా నీలమయ్యేది.

కడపలో ఒక ఎయిడెడ్ పాఠశాలవారికి పంతులు కావాలని తెలిసి అర్జీ పెట్టుకున్నాను. చెయ్యి సంగతి దాచలేదు. "శనివారం రండి. కమిటీవారి ఎదుట సిరాతో ఒక పేజీ రాయవలసి ఉంటుంది" అని హెడ్మాస్టరుగారు జవాబిచ్చారు. హాజరు పట్టీలు, పాఠాల పుస్తకాలు అన్నీ సిరాతోనే ఉండాలి కదా. నాకు పెన్నంటూ ఒకటి కావాలి. ఆత్మకూరులో దొరికేవి రెండు రకాలే, రెండూ సిరా కక్కేవే. సర్కారు ఆఫీసులన్నీ కర్నూలుకు వచ్చాక అక్కడ పెన్నుల అంగళ్ళు చాలా వెలిశాయని విని, ముందు కర్నూలు పోదామనుకున్నాము.

గురువారం తెల్లవారి మొదటి బస్సు ఎక్కాము. టికెట్టు దుడ్లు నేను ఎడమచేత్తో చాచేసరికి కండక్టరు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏమప్పా, పొద్దున్నే తొలిబేరం, ఎడమచేత్తో ఇస్తాండావే!"

ఈశ్వరమ్మ నా చేతిలో డబ్బు తీసుకుని తన కుడిచేత్తో ఇచ్చింది. "ఆయప్పకు కుడిచెయ్యి పన్జెయ్యదు నాయనా. నా చెయ్యి చూసి టికెట్టు ఇయ్యి" అంది. అతను కాస్త నొచ్చుకుని మాకు ముందు వరసలో చోటు చూపించాడు. నందికొట్కూరులో బస్సు చాలాసేపు ఆగింది. అక్కడ దిగి ఇంటినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాము. మధ్యాహ్నానికి కర్నూలు చేరాము.

రాజధాని అంటే ఎట్లా ఉంటుందో అనుకున్నాను. ఊరిబయట వరసలు వరసలుగా గుడారాలు. వాటిలోనే ఆఫీసులు, వాటి పక్కనే గుమాస్తాల సంసారాలు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగులు ఎండకు తలమీద తువ్వాళ్ళు కప్పుకుని ఫైళ్ళు మోసుకుపోతున్నారు. సత్రంలో గదులన్నీ నిండిపోయాయి. వాకిట్లో తడికవార చోటిచ్చారు. బాడుగ తక్కువే, నీళ్ళకు మాత్రం చాంతాడంత వరస. కర్నూలు పోయేవారు చేద వెంట తీసుకుపోవటం మంచిది.

సామాను సత్రంలో పెట్టి, ఎండ తగ్గాక బజారుకు పోయాము. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఖాదర్ సాహెబు అని ఒకాయన అంగడి. గాజు పెట్టెలో పెన్నులు పరిచి ఉన్నాయి: ఎర్రవి, పచ్చవి, పాలరాతి మచ్చలవి, బంగారు పూత మూతలవి. నేను సంగతి చెప్పకుండా "మంచి పెన్నొకటి చూపించండి" అన్నాను. ఆయన నన్ను ఆఫీసు ఉద్యోగి అనుకున్నాడేమో, లావుపాటి విదేశీ పెన్ను తీసి ఇచ్చాడు.

"దస్కతు పెడితే ఇట్లాంటి దాంతో పెట్టల్ల సార్. వెన్నమీద పోయినట్లు పోతాది."

నిజంగానే వెన్నమీద పోయినట్టు పోయింది. దాని పాళీ వెడల్పు. సిరా ధారగా దిగి అక్షరాలు గుండ్రంగా మెరిశాయి. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు. ఒక వాక్యం అయిపోయేసరికి మాత్రం నా అరచెయ్యి దానిమీద వాలింది. వాక్యమంతా తోకచుక్కలే.

ఖాదర్ సాహెబు నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు. "ముందే చెప్పకూడదా సార్?" అని సన్నపాళీ పెన్ను తీశాడు. అది సిరా తక్కువే వదిలింది గాని కాగితంలో దిగబడింది. కుడిచేతివాళ్ళు పాళీని లాక్కుపోతారు, నేను తోసుకుపోవాలి. తోస్తే సన్నపాళీ కాగితాన్ని గీరుతుంది. "క" తలకట్టు దగ్గరే చిరిగింది.

అప్పుడు ఈశ్వరమ్మ ముందుకు వచ్చింది. అప్పటిదాకా అంగడి మెట్టుమీద కూర్చుని ఉంది. ఆమెకు చదువు లేదు. నేను నేర్పుతానన్నా, ఊరికే ఉండమన్నట్టు నవ్వేసేది. "నువ్వు రాయి. నేను చూస్తా" అంది. నేను ఒక ముక్క రాస్తాను. ఆమె ఒకసారి ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగి, బొటనవేలితో ఆ ముక్కమీద రుద్దుతుంది.

"ఇది ఆర్లేదు."

ఇంకో పెన్ను. "ఇదీ ఆర్లేదు." ఇంకోటి. "ఇది సగం ఆరినాది."

ఖాదర్ సాహెబుకు ఇది వినోదంగా ఉన్నట్టుంది. బేరానికి వచ్చిన ఇద్దరు గుమాస్తాలను నిలబెట్టి మరీ మాకు పెన్నులు తీసి ఇస్తున్నాడు. చివరికి అడుగు అరలోంచి ఒక నల్ల పెన్ను తీశాడు. మెరుపు లేదు, పూత లేదు. "ఇది శానా పిసినారి పెన్ను సార్. సిరా తొందరగా వదలదు. అందుకే ఎవరూ తీసుకోరు" అన్నాడు. దాని పాళీ సన్నమూ కాదు, వెడల్పూ కాదు. మొన గుండ్రంగా అరిగినట్టుండి, తోసినా గీరలేదు.

తర్వాత సిరా. మొదట ముదురు నీలం పోసి చూశాము. అందంగా ఉంది, ఆరటానికే చాలాసేపు పట్టింది. నీళ్ళలో బిళ్ళ కరిగించుకునే ఊదా సిరా చవక, అది కాగితంలో పాకింది. సర్కారు ఆఫీసులవాళ్ళు వాడే నీలినలుపు సిరా రాసేటప్పుడు వెలవెలబోతూ ఉంటుంది, కాసేపటికి నల్లబడుతుంది. దానిమీద ఈశ్వరమ్మ వేలు పెట్టి రుద్ది, వేలు దీపం దగ్గర పెట్టుకుని చూసింది.

"ఇది తీసుకో. కంటికి బాగలేదు గాని చేతికి బాగుండాది" అంది.

పెన్నూ, నీలినలుపు సిరాబుడ్డీ, సిరా పోసే గాజుగొట్టమూ తీసుకున్నాము. నా మనసు మాత్రం ఆ లావుపాటి విదేశీ పెన్నుమీదే ఉంది. సత్రానికి నడుస్తూ రెండుసార్లు దాని మాట ఎత్తాను.

శుక్రవారం పొద్దున కడప బస్సు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోతుంది. రోజంతా ప్రయాణం. పెన్నులో సగం సిరా పోసుకుని జేబుకు పెట్టుకున్నాను. పొదుపు అనుకున్నాను. నా పక్కన తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కూర్చున్నారు. పేరు హుస్సేన్ సాహెబు, ఉర్దూ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యారట. కడపలో ఉన్న కూతురింటికి పోతున్నారు. ఇద్దరమూ పంతుళ్ళమే కాబట్టి పాణ్యం దాటేలోగానే పిల్లల గురించీ, ఇన్స్పెక్టర్ల గురించీ మాటల్లో పడ్డాము.

నంద్యాలలో కాఫీకి దిగబోతుంటే ఆయన నా ఛాతీవైపు చూపించారు. "ఏమప్పా, జేబు తడిసినాదే!"

చూసుకుంటే చొక్కా జేబుకింద అరచేయంత మచ్చ. మూత తీస్తే లోపలంతా సిరా. రేపు కమిటీ ఎదుటికి వేసుకుపోవలసిన చొక్కా అది. నా దగ్గరున్న మంచి చొక్కా కూడా అదొక్కటే. బస్సు మెట్టుమీదే కూర్చున్నాను.

"సగం పోస్తివా?" అని అడిగారు హుస్సేన్ సాహెబు. "నిండా పొయ్యల్లప్పా. సగం పోస్తే ఎండకు లోపల గాలి ఉబ్బి సిరాను బయటికి తోస్తాది. నా చొక్కాలు ఎన్ని పోయినాయో మా ఇంట్లోవాళ్ళను అడుగు."

ఈశ్వరమ్మ హోటలువాణ్ణి నిమ్మకాయ అడిగి తెచ్చి, ఉప్పు వేసి రుద్దింది. మచ్చ పోలేదు, పలచబడి ఇంకా పెద్దదయింది. "పైన కండువా వేసుకుందువులే. పెన్ను పగల్లేదు గదా" అంది. ఆమె గొంతులో విసుగు లేదు. నాకే నామీద విసుగు.

ఆళ్ళగడ్డ దాటిన తర్వాత టైరు పగిలింది. అందరమూ దిగి రోడ్డువార చింతచెట్ల నీడన కూర్చున్నాము. కొంచెం దూరంలో కాలువ పారుతోంది. దాని పొడుగునా పచ్చటి వరి, దాటితే మళ్ళీ ఎర్రనేల, రాళ్ళు. ఆ తీరిక చూసి నేను పెన్ను నిండా సిరా పోసి, పెట్టెమీద కాగితం పెట్టుకుని రాయటం మొదలుపెట్టాను. కొత్త పెన్ను, కొత్త సిరా ఉన్నా చిటికెనవేలి పక్కన నీలం అంటుతూనే ఉంది. నిన్నటికంటే తక్కువే, కానీ అంటుతోంది. రేపు పొద్దున కమిటీ.

హుస్సేన్ సాహెబు కాసేపు చూసి పక్కకు వచ్చి కూర్చున్నారు. "ఆ పెన్ను ఇట్లియ్యి" అన్నారు. కుడిచేత్తో ఉర్దూలో ఒక వరస రాశారు. ఆయన చెయ్యి కుడినుంచి ఎడమకు పోతోంది.

"చూసినావా? నేను కుడిచేతివాణ్ణే. అయినా నా చెయ్యి కూడా తడి అక్షరాలమీదే పోతాది. మాకు రాత ఇట్ల పోతాది గదా. చిన్నప్పుడు నాకూ నీ మాదిరే చెయ్యంతా సిరా."

నేను అది ఎన్నడూ ఆలోచించలేదు. "మరి మీరేం చేసినారు?" అని అడిగాను.

"చేతిని వరసమీద పెట్టలే, వరస కిందికి దించినా. కాగితాన్ని ఇట్ల వాల్చినా." ఆయన నా కాగితాన్ని పట్టి, నాకు సరిపోయేలా రెండోవైపుకు ఏటవాలుగా తిప్పారు. "మణికట్టు కిందనుంచి రానీ. అక్షరం పైనుంటాది, చెయ్యి కిందుంటాది. రెండూ కలుసుకోవు."

మొదట అక్షరాలన్నీ కొండెక్కుతున్నట్టు వచ్చాయి. నాలుగు వరసలకు కాస్త సర్దుకున్నాయి. డ్రైవరు టైరు బిగించి హారను కొట్టేవేళకు నేను సగం పేజీ రాశాను. ఈశ్వరమ్మ నా చెయ్యి తిప్పి చూసింది. తెల్లగా ఉంది. ఆమె ఆ చేతిని కాసేపు అలాగే పట్టుకుంది.

పొద్దు గుంకే వేళకు కడప చేరాము. హుస్సేన్ సాహెబు కూతురు బండి పంపింది. మా ఇంట్లో దిగుదురు రమ్మని ఆయన చాలా బలవంతం చేశారు. వద్దని చెప్పి సత్రానికి పోయాము. కడపలో సత్రం శుభ్రంగా ఉంది, బావి నీళ్ళు కాస్త ఉప్పన. హోటల్లో రాగిసంగటి, గోంగూర పప్పు బాగున్నాయి.

శనివారం పది గంటలకు బడి వసారాలో కమిటీ కూర్చుంది. హెడ్మాస్టరుగారు, సెక్రటరీ రెడ్డిగారు, ఊళ్ళో పెద్దమనిషి శెట్టిగారు. కండువాకింద మచ్చ దాచుకుని నేను, వసారా బయట బెంచీమీద ఈశ్వరమ్మ. హెడ్మాస్టరుగారు బడి కాగితం ఇచ్చి, వాచకంలోంచి కాలువల పాఠం చదువుతాను, రాయండి అన్నారు. నేను కాగితం వాల్చి, అలవాటు చొప్పున పైన శ్రీ పెట్టబోయాను.

"ఆగు" అన్నారు శెట్టిగారు. "శ్రీకారం ఎడమచేత్తోనా?"

పెన్ను కాగితంమీద పావు అంగుళం ఎత్తున ఆగింది. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. దానివైపు చూసుకున్నాను.

"అయ్యా, కుడిచేత్తో పెడితే అది శ్రీ మాదిరి ఉండదు" అన్నాను. "మీరు వద్దంటే పెట్టను. పాఠం మాత్రం రాయనియ్యండి."

"నాది చాదస్తమే అనుకో. మూలానక్షత్రం నాడు పిల్లోళ్ళను కూర్చోబెట్టి నువ్వు ఎడమచేత్తో ఓనమాలు పెట్టిస్తే తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? రేపు నా ఇంటిమీదికి వస్తారు."

రెడ్డిగారు కలగజేసుకుని, "ముందు రాయనీ శెట్టీ, తర్వాత మాట్లాడదాం" అన్నారు. హెడ్మాస్టరుగారు చదివారు. నేను రాశాను. శ్రీకారం చోటు ఖాళీగా వదిలేశాను. చెమట మోచేతిదాకా కారింది గాని కాగితంమీద పడనివ్వలేదు. పేజీ అయ్యాక హెడ్మాస్టరుగారు కాగితం ఎత్తి వెలుతురుకు పెట్టి చూశారు. ఎక్కడా మరక లేదు. రాత కొంచెం ఏటవాలుగా ఉంది, చదవటానికి ఇబ్బంది లేదు. ముగ్గురూ లోపలికి పోయి మాట్లాడుకున్నారు.

బయటికి వచ్చి రెడ్డిగారు చెప్పారు. "ఆరు, ఏడు తరగతులకు తెలుగు చెప్పండి. వచ్చే నెల ఒకటినుంచి రండి. ఒకటో తరగతి మాత్రం మీకియ్యలేము. శెట్టిగారి మాట తీసెయ్యలేను."

నేను సరేనన్నాను. సరే అనక ఏం చేస్తాను? ఉద్యోగం వచ్చింది. శెట్టిగారు చెడ్డమనిషి కాదు. పోయేటప్పుడు "ఇల్లు దొరక్కపోతే నాకు చెప్పు, నాగరాజుపేటలో మా మిద్దె ఖాళీగా ఉండాది" అన్నారు కూడా. అయినా వసారా మెట్లు దిగుతుంటే లోపలినుంచి ఒకటో తరగతి పిల్లలు వల్లెవేస్తున్న గొంతులు వినిపించాయి. నా అడుగు పడలేదు. ఈశ్వరమ్మ నా మొహం చూసి, ఏం జరిగిందో అడిగి తెలుసుకుంది.

తిరుగు ప్రయాణానికి బస్సు వద్దనుకున్నాము. ఆదివారం పొద్దున రైలెక్కి, గుంతకల్లులో చిన్నబండి మారి, ద్రోణాచలం మీదుగా కర్నూలు చేరుకోవచ్చు. బస్సుకంటే చుట్టుదారి, కానీ కుదుపు తక్కువ. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎర్రగుంట్లలో నాపరాళ్ళ గుట్టలు, తర్వాత పత్తి చేలు, తర్వాత ఏమీ లేని నేల. ఈ దారిని పోయేవాళ్ళు ఇదంతా బీడు అని కిటికీ మూసుకుంటారు. నేను మూసుకోలేదు. ఈ ఎండలో, ఈ రాళ్ళమధ్య మనుషులు ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఇక్కడికే నెలరోజుల్లో మేము సంసారం తెచ్చుకోబోతున్నాము. ఊరు నచ్చింది. పని సగం నచ్చింది.

తాడిపత్రి దాటాక ఈశ్వరమ్మ అంది. "ఏమయ్యా, ఆ పెన్ను ఇట్లియ్యి."

ఇచ్చాను. ఆమె మూత తీసి, తిప్పి తిప్పి చూసింది.

"నాకు ఓనమాలు పెట్టించు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఇన్నేండ్లు నువ్వు చెప్తానంటే నేనే వద్దంటి. ఊళ్ళో పిల్లోళ్ళందరికీ చెప్పే మనిషివి, ఇంటికొచ్చి నాకేం చెప్తావులే అనుకుంటి. ఇప్పుడు నేనే అడగతాండా. నాకు ఏ చేత్తో పెట్టించినా అడిగేవాళ్ళు లేరు."

ఎదురుబల్లమీద ముసలాయన మావైపు వింతగా చూశాడు. నేను పెట్టె ఆమె ఒళ్ళో పెట్టి దానిమీద కాగితం పరిచాను. ఆమెకు కుడివైపు జరిగి కూర్చుని, ఆమె కుడిచేతిని నా ఎడమచేత్తో పట్టుకున్నాను. అ నుంచి మొదలుపెడదామన్నాను.

"అ వద్దు. నా పేరుకు ముందొచ్చేది ఏది?"

"ఈ."

"అదే పెట్టించు."

"అది శానా కష్టం. మెలికలు ఉంటాయి."

"ఉండనీ."

బండి కుదుపుకు మొదటి ఈ ఎటో పోయింది. రెండోది కాగితం అంచుదాకా సాగింది. మూడోసారి నేను చెయ్యి కాస్త వదులుచేశాను, నాలుగోసారి పూర్తిగా తీసేశాను. ఆమె నాలుక పంటికింద పెట్టుకుని, కాగితంమీదికి వంగి, మెలిక దగ్గర ఆగి, మళ్ళీ కదిలింది.

గుత్తి వచ్చింది. కొండమీద కోట ఎండలో కిటికీ నిండా నిలబడింది. పెట్టెలో అందరూ లేచి చూశారు. "చూడు, కోట" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "ఉండయ్యా, ఇది అయిపోనీ" అంది.